మా క్లాసు మా వీధికే వస్తోంది, ఏం చెయ్యను?

ఈసారి ఉత్తరం డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయిది. పేరు, ఊరు రాయలేదు. రాసినా నేను బయటపెట్టేదాన్ని కాదు. చాలా పెద్ద ఉత్తరం, అర్ధరాత్రి ఫోన్లో టైప్ చేసినట్టుంది, మధ్యలో రెండుచోట్ల ఆపేసి మళ్లీ మొదలుపెట్టాడు. కుదించి చెబుతాను.

వాళ్ల కాలేజీలో ఫస్టియర్ వాళ్లందరికీ ఒక సబ్జెక్టు తప్పనిసరి. తాము చదువుకుంటున్న నగరాన్ని పరిచయం చేసే కోర్సు అది. క్లాసులో కూర్చునేది తక్కువ, తిరిగేది ఎక్కువ. ఐదుగురు చొప్పున గ్రూపులు చేసి, చీటీలు తీయించి, ఒక్కో గ్రూపుకి ఒక్కో ప్రాంతం ఇచ్చారు. మూడు శనివారాలు అక్కడికి వెళ్లి నడవాలి, చూసింది రాసుకోవాలి, చేత్తో మ్యాప్ గీయాలి, అక్కడ ఉండేవాళ్లలో ఇద్దరితో మాట్లాడాలి, ఫోటోలు తియ్యాలి, చివర్లో క్లాసు ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి. ఇతని గ్రూపు తీసిన చీటీలో ఉన్నది కాలవ గట్టు పక్కనున్న బస్తీ. ఇతని ఇల్లు అక్కడే. పుట్టింది, పెరిగింది కూడా అక్కడే.

ఆ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. చేరిన రోజు ఎవరో "మీ ఇల్లెక్కడ?" అంటే ఫ్లైఓవర్ అవతల ఉన్న కాలనీ పేరు చెప్పాడట. ఇక అప్పట్నుంచి ఆ అబద్ధాన్ని మోస్తూనే ఉన్నాడు. ఆ కాలనీ స్టాపులో దిగి, ఫ్రెండ్ ఎక్కిన బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, వెనక్కి నడిచి ఇంటికి వెళ్తున్నాడు. వాళ్లమ్మ నాలుగిళ్లల్లో పని చేస్తుంది, నాన్న లోడింగ్ పనికి వెళ్తాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఇతనే.

చీటీ విప్పగానే గ్రూపులో ఒకడు ముక్కు మూసుకుని "మాస్కులు కొనుక్కోవాలిరోయ్" అన్నాడట. ఇంకొకడు అప్పుడే 'నగరం వెనకవైపు' అని టైటిల్ స్లయిడ్ చేసేశాడట. అందరూ నవ్వారు, ఒకమ్మాయి తప్ప. "నేనూ నవ్వాను మేడమ్, అదే నన్ను తినేస్తోంది" అని రాశాడు. ఇంట్లో వాళ్లమ్మకి మాత్రం కాలేజీ పిల్లలు బస్తీ చూడ్డానికి వస్తున్నారని తెలిసి ఒకటే సంబరం. "మనింటికే తీసుకురారా, ఈలోపు గోడకి సున్నం వేయిస్తాను" అంటోందట. మొదటి విజిట్ వచ్చే శనివారం పొద్దున పదింటికి పెట్టుకున్నారు. మూడు శనివారాలూ జ్వరమని చెప్పనా, గ్రూపు మార్చమని అడగనా, లెక్చరర్‌కి చెప్పెయ్యనా, లేక మొదటిసారి చూస్తున్నవాడిలా వాళ్లతో పాటు నడిచెయ్యనా అని అడిగాడు. ఉత్తరం చివర ఒక్క లైను: "అమ్మని చూసి సిగ్గుపడే వెధవనా నేను?"

బాబూ, ముందు ఆ చివరి లైను సంగతి చూద్దాం. అది తేలకపోతే మిగతాది ఏం చెప్పినా నీ చెవికెక్కదు.

కాదు. అమ్మ గురించి రాసినంతసేపూ నీ రాతలో సిగ్గు ఎక్కడా లేదు, పొద్దున్న ఎన్నింటికి లేస్తుందో, ఏ ఇంటివాళ్లు పండక్కి కూడా సెలవివ్వరో అన్నీ రాశావు. నీకున్నది భయం. ముక్కు మూసుకున్న ఆ కుర్రాడు అదే మొహంతో మీ అమ్మ ముందు నిలబడితే, అది ఆవిడ కంటపడితే ఎలాగని. కొంచెం సిగ్గు కూడా ఉందిలే, లేదని నేను చెబితే నువ్వు నమ్మవు. పద్దెనిమిదేళ్లకి ఇంటి గురించి కొంచెమైనా సిగ్గుపడనివాళ్లు ఎంతమంది ఉంటారు? నేను డిగ్రీ చదివేటప్పుడు మా నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే 'బిజినెస్' అనేదాన్ని. ఆయన రోడ్డు పక్కన గొడుగులు బాగుచేసేవారు. మూడేళ్లూ అదే మాట మీద ఉన్నాను. ఫైనలియర్ చివర్లో గుండె రాయి చేసుకుని నా స్నేహితురాలికి నిజం చెబితే, "తెలుసే, ఫస్టియర్‌లోనే మా నాన్న ఆయన దగ్గర గొడుగు బాగుచేయించుకున్నారు, నిన్ను అక్కడ చూశాను, నువ్వు చెప్పట్లేదు కదా అని నేనూ అడగలేదు" అంది. మూడేళ్ల నా టెన్షన్ అంతా ఒక్క నిమిషంలో గాలి తీసిన ట్యూబులా అయిపోయింది. నీ విషయంలోనూ ఇలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను గానీ, రోజూ ఒకే స్టాపులో దిగి వెనక్కి నడిచేవాణ్ణి ఇన్ని నెలల్లో ఎవరూ చూసి ఉండరని మాత్రం అనుకోకు.

ఇంకో మాట. నీ అడ్రసు ఎవరికీ బాకీ లేవు. ఇల్లెక్కడో చెప్పకపోవడం నీ ఇష్టం, అందులో మోసం ఏమీ లేదు. అబద్ధం చెప్పావు, నిజమే, కానీ దానివల్ల ఎవరి సొత్తూ పోలేదు. నష్టపోతున్నదల్లా రోజూ ఆ అదనపు దూరం నడుస్తున్న నీ కాళ్లే. కాబట్టి 'నిజం ఒప్పుకోవాలి' అన్న ఆలోచనని కాసేపు పక్కన పెట్టు. ఇది పాపం, ప్రాయశ్చిత్తం వ్యవహారం కాదు. శనివారం లోపు ఎవరికి ఎంత చెబితే నీకు ఊపిరాడుతుంది, అంతవరకే చూద్దాం.

నువ్వు అడిగిన దారుల్లో ఒకటి మాత్రం మొదట్లోనే కొట్టెయ్యొచ్చు. మొదటిసారి చూస్తున్నవాడిలా వాళ్లతో పాటు నడవడం. అది జరిగే పని కాదు నాయనా. మొదటి మలుపులోనే ఎవరో ఒకరు "ఏరా, ఇవాళ కాలేజీ లేదా?" అంటారు. చిన్నపిల్లలు నీ పేరు పెట్టి అరుస్తూ వెనకాల పడతారు. మీ వీధి కుక్కలకి నటన రాదు, తోక ఊపుకుంటూ వచ్చేస్తాయి. ఇంక మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంటే ఆవిడ ముందు నుంచి తెలియనట్టు దాటిపోతావా? మిగతా అబద్ధాలన్నీ మాటలతో అయిపోయాయి, ఇది మాత్రం మనుషుల మొహం మీద చెప్పాల్సిన అబద్ధం. వద్దు.

జ్వరమని చెప్పడం కొంచెం నయం, ఎందుకంటే దాంట్లో నిన్ను తప్ప ఇంకెవర్నీ అవమానించవు. మార్కులు కొన్ని పోతాయి, పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆలోచించు, నువ్వు వెళ్లకపోయినా వాళ్లు వెళ్తారు. మీ పక్కింటివాళ్లని ఇంటర్వ్యూ చేస్తారు, 'నగరం వెనకవైపు' స్లయిడ్ తెర మీద పడుతుంది, నువ్వు వెనక బెంచీలో కూర్చుని మీ వీధి ఫోటోలు చూస్తూ ఉండాలి. ఒకవేళ అందులో మీ అమ్మ ఫోటో ఉంటే? వాళ్లకి తెలియదు కాబట్టి కత్తిరించరు కూడా.

గ్రూపు మార్చమని అడగడంలోనూ ఇదే చిక్కు. పైగా అడగ్గానే కారణం చెప్పమంటారు. దూరమని చెబితే నీ లెక్కలోనే తప్పు, ఎందుకంటే నువ్వు చెప్పిన కాలనీ పక్కనే కదా ఆ బస్తీ. అయినా సరే, శనివారం తలుచుకుంటే నిద్ర పట్టకుండా, కడుపులో దేవినట్టు ఉంటే మాత్రం ఇది తప్పేం కాదు. లెక్చరర్‌కి 'సొంత కారణాలున్నాయి సార్, దయచేసి అడగకండి' అని చెప్పి మారిపో. వాళ్లింటి వీధిని తామే పరీక్షకి పెట్టుకోవాలని ఏ సిలబస్‌లోనూ రాసి ఉండదు. అలా మారావని తెలిస్తే నేను నిన్ను పిరికివాడివనను.

ఇక లెక్చరర్‌కి చెప్పడం. నా ఓటు దీనికే, కానీ చెప్పే పద్ధతి ఒకటుంది. ఎందుకు చెప్పమంటున్నానో ముందు కాస్త విను, ఎందుకంటే ఈ కోర్సు అసలు దేనికోసమో అందరికన్నా నీకే ఎక్కువ తెలుసని నాకనిపిస్తోంది, ఆ సంగతి నీకు మాత్రం తట్టలేదు.

1854లో లండన్‌లో సోహో అనే పేటలో కలరా వచ్చింది. కొద్ది వారాల్లోనే ఆరు వందల మందికి పైగా పోయారు. ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లతో సహా చాలామంది రోగం దుర్వాసన నుంచి పుడుతుందని నమ్మేవారు (మీ గ్రూపులో ముక్కు మూసుకున్నవాడు ఆ బాపతే, నూట డెబ్బై ఏళ్లు ఆలస్యంగా పుట్టాడు). జాన్ స్నో అనే డాక్టరు మాత్రం ఇది నీళ్ల వల్లే అన్నాడు. ఏ ఇంట్లో ఎంతమంది పోయారో మ్యాప్ మీద గుర్తులు పెడితే, అవి చాలామటుకు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ మూగాయి. ఆ మ్యాప్ గీయకముందే అతని మాట మీద పంపు హ్యాండిల్ తీయించారు. ఈ కథ మీ కోర్సులో చెప్పే ఉంటారు, నగరాల గురించి పాఠం చెప్పేవాళ్లు ఆ మ్యాప్ చూపించకుండా ఉండరు.

కానీ ఆ కథలో సగం మంది వదిలేసే మనిషి ఒకడున్నాడు. హెన్రీ వైట్‌హెడ్ అని, ఆ పేటలో చర్చిలో పనిచేసే కుర్ర పాస్టరు. స్నో చెప్పింది అతను మొదట నమ్మలేదు, తప్పని నిరూపిద్దామనే బయల్దేరాడు. అతనికి ఆ ఇళ్లన్నీ తెలుసు. ఎవరు ఎవరి చుట్టమో, ఊరొదిలి ఎవరు ఎక్కడికి పోయారో తెలుసు, తలుపు తడితే జనం లోపలికి రమ్మంటారు. అలా ఇల్లిల్లూ తిరిగి అడిగాక స్నో చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. అంతటితో ఆగలేదు, అసలు ఆ పంపు కింది బావిలోకి రోగం ఎలా వచ్చిందో కూడా అతనే పట్టుకున్నాడు. పంపు పక్కింట్లో ఒక పసిబిడ్డకి విరేచనాలు పట్టుకున్నాయి, తల్లి ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందున్న గుంతలో పోసేది, ఆ గుంత బావికి కొద్ది అడుగుల దూరంలోనే ఉంది. బిడ్డ పోయిన తల్లి ఇలాంటి సంగతి, ముక్కూమొహం తెలియనివాడు నోటుబుక్కు పట్టుకుని వస్తే చెబుతుందా?

ఆ వైట్‌హెడ్ స్థానంలో ఉన్నది మీ ఐదుగురిలో నువ్వు ఒక్కడివే. నీ ఉత్తరంలోనే చూడు, ఏదో మాటవరసకి రాసేశావు గానీ, రోజు విడిచి రోజు పొద్దున ఆరున్నరకి నీళ్లొస్తాయని, గట్టు కింద వరసకి ధార సన్నగా వస్తుందని, వానొస్తే స్కూలు పిల్లలు ఏ దారిన చుట్టూ తిరిగి వెళ్తారో, అంబులెన్సు ఏ మూల దాకా వచ్చి ఆగిపోతుందో అన్నీ రాశావు. పదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్లిపోయే నలుగురికి ఇందులో ఒక్కటైనా కనబడుతుందా? పదింటికి మీ బస్తీలో పెద్దవాళ్లు చాలామంది ఇళ్లల్లో ఉండరు, పనుల్లోకి పోతారు. ఖాళీ వీధి చూసి 'ఇక్కడ ఏ పనీ జరగదు' అని రాసుకునిపోయినా పోతారు.

ఇంకో కథ కూడా చెప్పాలి, ఇది కాస్త చేదు. అదే లండన్‌లో 1889లో చార్లెస్ బూత్ అనే ఆయన నగరంలో పేదరికం ఎక్కడెక్కడ ఉందో వీధివీధికీ రంగులేసి మ్యాపులు గీయించాడు. ఉన్నవాళ్ల వీధులకి పసుపు. అట్టడుగున ఉన్న వీధులకి నలుపు, పక్కన ఆ రంగుకి అర్థం రాశారు: దుర్మార్గులు, సగం నేరస్థులు. వీధి మొత్తానికీ ఒకే రంగు. ఆ వీధిలో తెల్లారుజామునే లేచి పనికెళ్లే తల్లికీ అదే రంగే కదా. ఆ సమాచారం కూడా ఎక్కువగా ఆ ఇళ్లకి వెళ్లొచ్చే స్కూల్ బోర్డు ఉద్యోగుల నుంచి రాబట్టిందే తప్ప ఆ ఇళ్లవాళ్లని కూర్చోబెట్టి అడిగింది కాదు. బూత్ చెడ్డమనిషి కూడా కాదు, వయసుడిగినవాళ్లకి పింఛను ఇవ్వాలని గట్టిగా పట్టుబట్టినవాడు. మంచి ఉద్దేశంతో బయల్దేరినా మ్యాప్ పక్కన రెండు మాటలు అలా పడిపోతాయి. 'నగరం వెనకవైపు' అని స్లయిడ్ చేసిన మీవాడు కూడా చెడ్డవాడై ఉండక్కర్లేదు. ఎవరికి వెనకవైపు అని వాడిని ఎవరూ అడగలేదంతే.

2009లో కెన్యా రాజధాని నైరోబీలో ఇంకోలా జరిగింది. కిబేరా అనే చాలా పెద్ద బస్తీ, లక్షకి పైగా మంది ఉండే చోటు, మ్యాపుల్లో చూస్తే ఖాళీ. అక్కడి కుర్రాళ్లే జీపీఎస్ పరికరాలు పట్టుకుని సందుసందూ నడిచి, నీళ్ల పంపులు, మరుగుదొడ్లు, బళ్లు, క్లినిక్కులు గుర్తుపెట్టి ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే, ఎవరైనా చేర్చగలిగే ఉచిత ఇంటర్నెట్ మ్యాప్‌లోకి ఎక్కించారు. బయటి నుంచి సాయం చేసినవాళ్లున్నారు, కానీ నడిచింది ఆ వీధుల పిల్లలే.

ఇవన్నీ చెప్పి నిన్ను ఉబ్బేసి, 'వెళ్లి మీ బస్తీకి ప్రతినిధిగా నిలబడు' అనడం లేదు. ఆ బరువు నీది కాదు, నీకు రావాల్సింది రెండు క్రెడిట్లు మాత్రమే. కానీ నువ్వు దాచాల్సిన లోపం అనుకుంటున్నది ఈ ఒక్క సబ్జెక్టులో మాత్రం మిగతావాళ్లెవరి దగ్గరా లేని సరుకు. లెక్చరర్‌కి చెప్పేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకుని మాట్లాడు.

పద్ధతి అన్నాను కదా. క్లాసయ్యాక నలుగురిలో కాదు, విడిగా వెళ్లు. ముందే మాట తీసుకో: "సార్, ఒక విషయం చెబుతాను, మీ దగ్గరే ఉంచాలి." తర్వాత సూటిగా: "మా గ్రూపుకి వచ్చిన చోటే మా ఇల్లు. క్లాసులో ఎవరికీ తెలియదు. తెలియజెయ్యాలో లేదో నేను తేల్చుకుంటాను, మీరు మాత్రం చెప్పకండి." ఈ ఆఖరి ముక్క తప్పకుండా అను. కొంతమంది లెక్చరర్లు మంచివాళ్లే గానీ ఉత్సాహం ఆపుకోలేరు, మర్నాడు క్లాసులో "చూశారా, మనలోనే ఒకరు అక్కణ్ణుంచి వచ్చి చదువుకుంటున్నారు" అని చప్పట్లు కొట్టించేస్తారు. అంతకన్నా నరకం లేదు. ఆయన అలాంటివాడని నీకు ఏమాత్రం అనుమానం ఉన్నా, ఇల్లు సంగతి ఎత్తకుండా "అక్కడ మాకు దగ్గరివాళ్లున్నారు సార్" అని ఆపెయ్. అదీ అబద్ధం కాదు కదా.

చెప్పాక ఊరికే వచ్చెయ్యకు, రెండు మూడు కోరు. మనుషుల ఫోటోలు అడక్కుండా తియ్యకూడదని, నీళ్ల దగ్గర, గుమ్మాల్లో, పిల్లలవి అసలే వద్దని అన్ని గ్రూపులకీ రూలు పెట్టమని అడుగు. మీ గ్రూపు గురించే అన్నట్టు ఉండదు, అందరికీ కలిపి చెబితే ఎవరికీ అనుమానం రాదు. మాట్లాడినవాళ్లకి తిరిగి వెళ్లి 'మీరు చెప్పింది ఇలా రాశాం, సరేనా' అని చూపించాలని కూడా పెట్టమను. ఈ ఒక్క నియమంతో ఆ టైటిల్ స్లయిడ్ దానంతటదే మారుతుంది. మీ వీధివాళ్ల చేతిలో 'నగరం వెనకవైపు' అని రాసిన కాగితం పెట్టే ధైర్యం ఎవడికీ ఉండదులే. ఒకవేళ ఆయన ఇవేవీ పట్టించుకోకుండా 'ఇంత చిన్న విషయానికా' అని తీసిపారేస్తే, అప్పుడు గ్రూపు మార్పు అడుగు. అక్కడ మొహమాటపడకు.

ఇక ఫ్రెండ్స్. అందరికీ ఒకేసారి చెప్పక్కర్లేదు. నవ్వని ఆ అమ్మాయి గురించి నువ్వు ఒక్క ముక్క రాసి వదిలేశావు, నాకు మాత్రం ఉత్తరమంతటిలో అదే పట్టుకుంది. ఆమె ఎందుకు నవ్వలేదో నాకు తెలియదు. బహుశా ఆ జోకు నచ్చక అయ్యుండొచ్చు, లేదంటే ఆమెకీ ఏదో కాలనీ పేరు వెనక దాచుకున్న ఇల్లు ఉండి ఉండొచ్చు, లేదా ఫోన్ చూసుకుంటోందేమో! అయినా శనివారానికి ముందు ఒకరికి చెప్పాలనుకుంటే ఆమెకి చెప్పు. నీ పక్కన ఒక్కరు తెలిసి నడుస్తున్నా ఆ వీధిలో నీ అడుగు వేరుగా పడుతుంది. మిగతా ముగ్గురికి, వీధి మొదట్లో నిలబడి, నీ పేరు పెట్టి ఎవరైనా పిలవకముందే, "మా ఇల్లు ఇక్కడే, ఇంతకుముందు వేరే చెప్పాను" అనేస్తే చాలు. ఎందుకు వేరే చెప్పావని అడిగితే, "చీటీ తీసినరోజు మీరే చూశారుగా" అను, లేదా ఏమీ అనకు.

ఒకటి మాత్రం చెయ్యకు. ప్రెజెంటేషన్ రోజు దాకా దాచి, చివరి స్లయిడ్‌లో 'ఇది మా ఇల్లు' అని వేసి అందరి నోళ్లూ మూయించాలని అనిపిస్తుంది చూడు, అది వద్దు. నాకు నీ వయసు తెలుసు, ఈపాటికే ఒకసారి ఊహించుకుని ఉంటావు. ఆ క్షణం బాగానే ఉంటుంది, ఎవరో ఒకరు ఏడుస్తారు కూడా. కానీ మర్నాటి నుంచి మూడేళ్లూ నువ్వు 'ఆ స్లయిడ్ వేసిన అబ్బాయివి' అయిపోతావు. పైగా వాళ్లు అక్కడికి వచ్చి మూడు వారాలు ఏదేదో వాగుతుంటే నువ్వు లోపల లెక్క రాసుకుంటూ నడవాలి. ఆ మూడు వారాలూ నీకే విషం.

నవ్విన సంగతి. నవ్వావు, అయిపోయింది. గుంపులో ఉన్నప్పుడు నోరు దానంతటదే నవ్వేస్తుంది, అది నీ అభిప్రాయం కాదు. ఈసారి ముక్కు మూసుకున్నవాడిని నువ్వు ఏమీ తిట్టక్కర్లేదు, ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించు చాలు. కాలవలోకి వచ్చి పడే పైపులు పైనున్న కాలనీల నుంచే వస్తాయని నువ్వే రాశావుగా. మ్యాప్‌లో ఆ పైపులు కూడా గీయండి, ఏది ఎటునుంచి వస్తోందో బాణం గుర్తులతో.

మిగిలింది అమ్మ. ఆవిడకి నువ్వు ఇన్నాళ్లూ కాలేజీలో ఏం చెప్పావో ఇప్పుడు విప్పి చెప్పాలా అంటే, నేనైతే చెప్పను. కొన్నేళ్లు పోయాక నువ్వే చెబుతావు, అప్పుడు ఇద్దరూ నవ్వుకుంటారు, లేకపోతే ఆవిడ నాలుగు అంటిస్తుంది. ఇప్పుడు మాత్రం ఆవిడతో మాట్లాడాల్సింది వేరే ఉంది. వాళ్లు వస్తే ఏమేం అడుగుతారో చెప్పు, ఇష్టం లేని ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదని చెప్పు, ఫోటోకి ఒప్పుకుంటుందో లేదో అడుగు. ఆవిడ ఒప్పుకుంటే ఆ రెండు ఇంటర్వ్యూల్లో ఒకటి ఆవిడదే చేయించు, కానీ నువ్వు కాకుండా ఆ నవ్వని అమ్మాయి చేత అడిగించు. నువ్వు అడిగితే "నీకు తెలియనిదేముందిరా" అని కొట్టిపారేస్తుంది. సున్నం వేయిస్తానంటే వేయించనీ, ఆపకు.

ఇంకో సంగతి, ఆ పదింటి టైము మార్పించు. వచ్చే శనివారం నీళ్లొచ్చే రోజేనని రాశావు కదా, ఆరున్నరకి రమ్మను వాళ్లని. బస్సు మొదటి ట్రిప్పు ఉంటుందో లేదో ముందు కనుక్కో.